తప్పు జవాబుల మొనగాడు

జ్ఞాపకశక్తి పరీక్షలో అన్నీ కరెక్టుగా చెప్పి వచ్చానని కొత్తగా చేరిన ఎలైజా అనగానే డ్రెస్సింగ్ రూమంతా గొల్లుమంది.

"ఇదుగో, మన టీముకి పంతులుగారు దొరికారు" అన్నాడు లమాంట్. "నిన్ను తెచ్చుకున్నది బంతి చంకన పెట్టుకుని పరిగెత్తడానికిరా, పాఠం అప్పజెప్పడానికి కాదు."

సీజన్‌కు ముందు, ఆగస్టులో, ప్రతి అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడికీ ఆ పరీక్ష తప్పదు. డాక్టరు కొన్ని మాటలు చదువుతాడు, తిరిగి చెప్పాలి. నెలల పేర్లు వెనకనుంచి చెప్పాలి. తర్వాత మ్యాచ్‌లో తలకు దెబ్బ తగిలితే, మైదానం పక్కన డేరాలో మళ్లీ అలాంటివే అడుగుతారు. ఆగస్టుకన్నా మార్కులు తగ్గాయా, ఇక ఆట లేదు. అందుకే తెలివైనవాళ్లు ఆగస్టులోనే మొద్దుల్లా నటిస్తారు. అడుగున ఉన్న మార్కులు ఇంకెక్కడికి దిగుతాయి? ఈ విద్యలో లమాంట్‌ను మించినవాడు లేడని టీమంతా చెప్పుకునేది.

బంతి పట్టుకుని పరిగెత్తే రన్నింగ్ బ్యాక్‌ను, ముప్పై దాటాక, ఈ దేశంలో అరిగిన టైరుకన్నా హీనంగా చూస్తారు. లమాంట్ ఒక్క మ్యాచ్ బయట కూర్చుంటే చాలు, అతని చోటు ఎలైజా తన్నుకుపోతాడు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

అయినా పెద్దమనిషికి పొగరు దిగలేదు. కొత్తవాళ్లను పేరు పెట్టి పిలవడం నామోషీ, అందరూ బుడ్డోళ్లే. వాళ్లచేత హెల్మెట్ మోయించేవాడు, పార్కింగులో తన కారు వెతికించేవాడు. మైదానంలో ఆట నడిపించే క్వార్టర్‌బ్యాక్ చెప్పిన ఎత్తుగడ ఒక్కసారికి చెవిన పెట్టేవాడు కాదు, మళ్లీ చెప్పించుకునేవాడు. మహారాజు మరి.

ఈసారి అతని మార్కులు చూసి కుర్ర డాక్టరు కంగారుపడ్డాడు. కోచ్ కన్నుగీటి, ఏటా ఉండే తంతేనని సర్దిచెప్పి పంపేశాడు.

అక్టోబరులో ఒక ఆదివారం అవతలివాడొకడు దున్నపోతులా వచ్చి గుద్దాడు. లమాంట్ లేచి, ఎదుటి జట్టు బెంచీ వైపు నడిచాడు. జనం నవ్వారు. మనవాళ్లు పట్టుకుని డేరాలోకి తీసుకెళ్లారు. ఎలైజా గబగబా హెల్మెట్ తగిలించుకున్నాడు.

కాసేపటికి లమాంట్ తల ఎగరేసుకుంటూ బయటికొచ్చాడు. ఆగస్టులో వచ్చిన మార్కులే, ఒక్కటీ తగ్గలేదు. డాక్టరు ముఖం మాడ్చుకుని పక్కకు తప్పుకున్నాడు, ఎలైజా మళ్లీ బెంచీ ఎక్కాడు. ఆ రోజు గెలిపించిన పరుగు కూడా లమాంట్‌దే.

ఆట అయ్యాక ఎలైజా సిగ్గు విడిచి అతని పక్కన చేరాడు. వచ్చే ఏడాదికి తనకూ ఆ విద్య నేర్పమన్నాడు. ఏ ప్రశ్నకు తప్పు చెబితే డాక్టరుకు అనుమానం రాదని అడిగాడు.

లమాంట్ షూ లేసులు విప్పుకుంటూ, గది ఖాళీ అయ్యేదాకా ఆగాడు.

"ఈ ఏడాది నేను కావాలని ఒక్కటీ తప్పు చెప్పలేదురా, బుడ్డోడా."