ఇరవై రెండు మెట్లు

"తలుపు తీస్తావా, విరగ్గొట్టమంటావా?" బయటినుంచి అమ్మ అడిగింది.

లోపల స్క్రూకి పైప్రాణాలు పైనే పోయాయి. నీళ్లు రాక మూలపడ్డ ఆ స్నానాలగదే ఆమె ప్రయోగశాల. పదేళ్ల పిల్లకు స్క్రూ అన్న పేరు పెట్టింది క్లాసు పిల్లలు. ఏది విప్పి బిగించినా చివర్లో ఆమె చేతిలో ఒకటో రెండో స్క్రూలు మిగిలిపోతాయి మరి. ఈరోజు మిక్సీ మోటారుకు బ్రష్షు కట్టి, బూట్లకు పాలిష్ పెట్టే యంత్రం చేసింది. మీట నొక్కగానే అది పూనకం వచ్చినట్టు ఊగిపోయి, డబ్బాడు పాలిషూ గోడలకు చిమ్మి, నాన్న రెండో జత ఆఫీసు బూటును ముందువైపు చీల్చేసింది.

గడియ తీయక తప్పలేదు. అమ్మ నల్లటి గోడల్నీ, నల్లటి కూతుర్నీ, బూటునూ చూసింది. పొద్దుటినుంచీ తను వెతుకుతున్న మిక్సీని ఆనవాలు పట్టడానికి మాత్రం కాస్త టైము పట్టింది. ఇక అందుకుంది. ఇది ఇల్లా పాతసామాన్ల కొట్టా అంది, షాకు కొట్టి చస్తే ఎవరు జవాబు చెప్పాలంది, చదువు అటకెక్కించి ఇదేం పోయేకాలమంది. స్క్రూ తల దించుకుని అన్నీ వింది. అమ్మ తిట్లు ఆమెకు కొత్త కాదు.

"సాయంత్రం మీ నాన్నను రానీ, చెప్తాను."

"నాన్నకు మాత్రం వద్దమ్మా." స్క్రూ అమ్మ కొంగు పట్టుకుంది. పోయిన నెల ఇస్త్రీపెట్టె విప్పినందుకు ఆయన ఆమె పనిముట్లన్నీ మేడపైనుంచి వీధిలోకి విసిరేశాడు. ఒక్క మాట అనలేదు. ఆమెకు భయం అందుకే. ఈ గది సంగతి తెలిస్తే తీగముక్క కూడా మిగలదు.

అమ్మ అనుమానంగా చూసింది. "ఇన్నాళ్లూ ఆయన కంటపడకుండా ఎలా దాచావే?"

స్క్రూ గోడమీది చిన్న ఎర్ర బల్బు చూపించింది. కింద మొదటి మెట్టు మీద గోనెపట్టా అడుగున ఓ మీట పెట్టిందట. నాన్న కాలు పడగానే ఇక్కడ వెలుగుతుందట. ఆయన ఇరవై రెండు మెట్లూ ఎక్కేలోపు అన్నీ బకెట్లలోకి తోసేసి, పుస్తకం ముందేసుకుని కూర్చుంటుందట. మొదట్లో పాలవాడికీ, ఇంటి ఓనరు కుక్కకూ కూడా వెలిగేసరికి గట్టి స్ప్రింగు వేసింది.

"ఇప్పుడు నువ్వు తొక్కినా వెలగదమ్మా. నాన్న బరువుకే." భయం మరిచిపోయి గొప్పగా చెప్పింది.

అమ్మ ఆ బల్బు దగ్గరికెళ్లి వేలితో ముట్టుకుని చూసింది. తర్వాత తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించింది.

"వంటింట్లో నాకూ ఒకటి పెట్టు. మీట మాత్రం గేటు దగ్గరుండాలి. నేను కళ్లు తుడుచుకుని మొహం కడుక్కునేలోపే మీ నాన్న పైకొచ్చేస్తున్నారు."