పుల్ల పట్టినోళ్లదే మాట

"పుల్ల ఎవరి చేతిలో ఉంటే వాళ్లదే మాట," అన్నాడు గ్రామసేవకుడు జీవానందం. ఊరికి మంజూరైన రోడ్డు ఎటు వేయాలో తేల్చాలి. ఇంటి నుంచి విడవలూరు బాట దాకా ఎలా నడుస్తారో ఒక్కొక్కరినీ ఇసుకలో గీయమన్నాడు.

అందరి గీతలూ ఊరిపెద్ద మాల్యాద్రి దొడ్డి కంచె దాకా వచ్చి, దాన్ని చుట్టి వెళ్లాయి. కంచె మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు.

కామమ్మ కూడా అలాగే గీసి, పుల్ల మాల్యాద్రికిచ్చింది.

"అన్న గియ్యలేదు గదా."

"నేను గీసేదేందే? నోటితో చెప్తా."

"నీ నోరు శానా విన్నాం. గియ్యన్నా."

మాల్యాద్రి తన దొడ్డి మీదుగా బాట దాకా గీశాడు. వంకర గీతల మధ్య అదొక్కటే తిన్నగా ఉంది. జనం గీతను చూశారు, తర్వాత అతన్ని చూశారు.

అతను కాలితో చెరపబోయాడు. కామమ్మ గీతకు అడ్డంగా కూర్చుంది.

"పాము కరిచిన నా మొగుణ్ణి దొడ్లో నుంచి మోసకపోతామని నీ కాళ్లు పట్టుకుంటే, ఇట్ల దోవే లేదన్నావు. ఇప్పుడు నీ చేత్తోనే గీసినావు."

"మరి రోడ్డు ఎక్కడ వేద్దాం?" అని జీవానందం అడిగాడు.

కామమ్మ నవ్వింది.

"చెప్పన్నా. పుల్ల నీ చేతిలోనే ఉండాది."