ఆవలి ఒడ్డు మాట

ఉపన్యాసం అయిపోయి అందరూ లేచినా, వెనక వరుసలో ఆ తెల్ల ముసలాయన మాత్రం కూర్చునే ఉన్నాడు.

ఉమాదేవి మలేషియాలోని ఇపోలో ఓ కాలేజీలో చరిత్ర చెబుతుంది. ఆ సాయంత్రం లైబ్రరీలో ఆమె మాట్లాడింది పాతకాలపు ఫ్రీసియన్ల గురించి. ఉత్తర సముద్రానికి ఈ ఒడ్డున వాళ్లు, ఆ ఒడ్డున ఇంగ్లండులో ఆంగ్లో-సాక్సన్లు. పన్నెండు వందల ఏళ్ల కిందట పడవ దిగినవాడి మాట, ఒడ్డున ఉన్నవాడికి దుబాసీ లేకుండానే తెలిసేదట. అంత దగ్గరి చుట్టరికం.

ముసలాయన మెల్లగా దగ్గరికొచ్చాడు. కళ్లు తడిగా ఉన్నాయి.

"నా పేరు స్యూర్ద్. మీరు చెప్పిన ఫ్రీసియన్లు మావాళ్లే. ఇంత దూరంలో మా పేరు ఎత్తేవాళ్లుంటారని అనుకోలేదు."

"సంతోషం అంకుల్." ఉమాదేవి బ్యాగు సర్దుకుంటోంది.

"మాది చిన్న దీవి. ఫ్రీసియన్ భాషల్లోనూ మా దీవి మాట వేరు. ఒక్కసారి వింటారా? పాటలున్నాయి, మా అమ్మ చెప్పిన కథలున్నాయి. మీ ఫోనులో రికార్డు చేసి పెట్టుకోవచ్చు."

"ఇప్పుడు టైమ్ లేదు లా," అంది అక్కడివాళ్ల యాసలో. "ఆదివారం ఇంటికి రండి."

చిరునామా చెప్పి, ఆ సంగతి మరిచిపోయింది.

ఆయన మరవలేదు. ఆదివారం వానలో తడుస్తూ వచ్చాడు.

ఉమాదేవి లోపలి గదిలో పరీక్ష పేపర్లు దిద్దుతోంది.

"మామ్మా, ఆయన్ని కూకోబెట్టు. ఒచ్చేస్తన్నాను."

మామ్మ కూర్మమ్మకు ఇంగ్లీషు రాదు. తువ్వాలిచ్చి, వేడి టీ ఇచ్చి, ఎదురుగా కూర్చుంది.

కాసేపటికి వరండాలోంచి తెలియని భాషలో పాట వినిపించింది. తర్వాత ఏదో కథ. మధ్యమధ్య మామ్మ నవ్వు.

'ఇదొక్క కట్టా అవగొట్టి వెళ్దాం' అనుకుంది ఉమాదేవి. అది అయ్యాక ఇంకో కట్ట తీసింది.

బయటికొచ్చేసరికి కుర్చీ ఖాళీ.

"ఏటి సెప్పినాడు మామ్మా?"

"నాకేటి తెలుసు? ఒక్క ముక్కా అరదం కానేదు."

"మరి అంతసేపు ఎందుకు కూకున్నావు?"

"సెప్తా ఉంటే ఆడి మొకం ఎలిగిపోతన్నాదే. మద్దిలో ఎలా లెగుస్తాను? ఎల్లీటప్పుడు నా సేతులట్టుకొని ఏడిసినాడు. నువ్వొకపాలి బయటికి రావల్సింది."

"మళ్లీ ఒస్తాడులే."

రాలేదు. నెల తిరక్కముందే ఓ తెల్లావిడ గేటు దగ్గర నిలబడింది. స్యూర్ద్ కూతురు హిల్కా, ఇపోలోనే ఓ ఫ్యాక్టరీలో ఇంజనీరు.

"నాన్న పోయారు. నిద్రలోనే."

ఉమాదేవి గేటు తీసింది.

"మీ ఇంటినుంచి వచ్చాక ఆయనకు ఒకటే సంతోషం. 'ఒకావిడ నా మాట చివరిదాకా విన్నది' అని ఎన్నిసార్లు చెప్పారో. ఆ రోజు మీరు రికార్డు చేశారా? చిన్న ముక్కయినా చాలు."

ఉమాదేవి తల అడ్డంగా ఊపింది.

"తర్వాత తీరిగ్గా విందామనుకున్నాను. మీకు వచ్చు కదా ఆ మాట?"

"చిన్నప్పుడు బళ్లో నవ్వుతారని నేర్చుకోలేదు. పెద్దయ్యాక తీరిక లేదనుకున్నాను."

"పోనీ, సెలవుల్లో మీ దీవికే వస్తాను. అక్కడి పెద్దవాళ్లతో చెప్పించుకుంటాను."

హిల్కా ఆమె వైపు తిరిగింది.

"అక్కడ ఇంకెవరున్నారు? మా మేనత్త పోయాక, ఆ మాట మాట్లాడే మనిషి ఈ భూమ్మీద మా నాన్న ఒక్కడే."