ఖాళీ కాలమ్

'రంగస్వరం' నాటక, సంగీత మాసపత్రికకు ఓ ఆనవాయితీ ఉండేది. కళాకారుడెవరైనా పోతే ఆ నెల పైన పేరు వేసి, కింద కాలమ్ అంతా ఖాళీగా వదిలేసేవారు. రంగస్థల నటుడైన భర్త కనకరాజు చనిపోయిన నెల, అక్షరాల్లేని సీసపు ముక్కలతో ఆ ఖాళీని పేర్చింది అచ్చు అక్షరాలు కూర్చే కంపోజిటర్ వర్ధనమ్మే.

ఇప్పుడు చరిత్రంతా ఇంటింటా ఉన్న మాట్లాడే తెరగోడలే చెబుతున్నాయి. బళ్లోనైనా, కోర్టులోనైనా గోడ మాటే చెల్లుతుంది. పాత పత్రికల్లో చిరిగినచోట, చెరిగినచోట అదే ఊహించి రాసి పూరిస్తుంది. ఆ ఖాళీలనూ అలాగే పూరించింది.

మధ్యాహ్నం చిక్కుళ్ల ఈనెలు తీస్తూ కూతురు హైమ ఆ పత్రిక చరిత్ర అడిగింది. కనకరాజు పేరున్న సంచిక దగ్గరికొచ్చి గోడ చదివింది: "ఆ నెలాఖరున తణుకులో కనకరాజు పద్యం అందుకుంటే మూడుసార్లు వన్స్‌మోర్ కొట్టారు."

హైమ చేతులు ఆగిపోయాయి. తండ్రి పోయాడని తల్లి చెప్పినప్పుడు ఆమెకు ఆరేళ్లు.

"అబద్ధమే! అప్పటికి మీ నాన్న పోయి పదిరోజులు. ఆ కాలమ్ ఖాళీగా పేర్చింది నేనే," అంది వర్ధనమ్మ.

"ఖాళీ ఎక్కడుందమ్మా? నిండా ఉందిగా."

హైమ చిక్కుళ్ల పళ్లెం పక్కకు నెట్టింది.

"నిజం చెప్పమ్మా. నువ్వేమన్నావని నాన్న ఇంటికి రాలేదు?"