అనవసరమైన లైను

ఊళ్లో సగంమంది గుండెల్ని నడిపే సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ ఆ రాత్రే విడుదల. దాన్ని రాసేది జీతం లేని వాలంటీర్లే. వాళ్లలో హైమ ఒకతె. ఆమె భర్త పరంజ్యోతి ఛాతీలోని పేస్‌మేకర్ నడిచేదీ దానితోనే.

అందులో రెండు పనులు ఒకేసారి నడవాలి. ఒకటి ఊపిరిని చూస్తుంది, ఒకటి గుండెను కొట్టిస్తుంది. ఎప్పుడో ఒకసారి ఆ రెండూ ‘ముందు నువ్వు కానీ’ అన్నట్టు నిలబడిపోతున్నాయి. ఎక్కడ ఆగుతున్నాయో చూద్దామని హైమ కోడ్ మధ్యలో ‘ఇక్కడిదాకా వచ్చాను’ అని చెప్పే లైను పెట్టింది. అంతే, తప్పు మాయం! తీసేస్తే మళ్లీ వస్తోంది.

“దొరికిందా?” చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ అడిగాడు పరంజ్యోతి.

“లేదండీ. కాపలా కాస్తే రావట్లేదు, దొంగముండ.”

“అయితే ఆ లైను ఉంచెయ్.”

ఉంచేసింది. అదెందుకు పనిచేస్తోందో తనకే తెలియదని లైను పక్కన రాయడానికి మాత్రం సిగ్గేసింది.

రాత్రి భోజనాల దగ్గర ఎవరో వాలంటీర్ సందేశం వచ్చింది: “అనవసరమైన లైను ఒకటి కనబడితే తీసేశానండీ.”

అప్పుడే పరంజ్యోతి ఛాతీలో టింగుమంది.

“అప్‌డేట్ అయిందే,” అన్నాడు మజ్జిగ పోసుకుంటూ.

హైమ ఎంగిలిచేత్తోనే లేచి అతని ఛాతీకి చెవి ఆనించింది.

“ఇదేంటి?”

“కదలకండి. కాపలా కాస్తే రాదు.”