తాడుకు అవతల

ఈల మోగిన మోతకి బండల మీద నిద్రపోతున్న సముద్ర సింహాలు కూడా తలలెత్తి చూశాయి.

మాస్టారు మాత్రం వెనక్కి తిరగలేదు.

ఆయనది డ్రైవింగ్ స్కూలు. ఏళ్ల తరబడి ఎదుటివాళ్లకి "ఆపు, ఆపు" అని చెప్పడమే గాని, తనకెవరైనా చెబితే వినే అలవాటు లేదు.

కట్టి ఉన్న తాడు దాటి, నాచు పట్టిన బండ మీద కాలు పెట్టాడో లేదో, ఎవరో వెనకనుంచి చొక్కా కాలరు పట్టి ఒక్క గుంజు గుంజారు.

ఇసకలో వెల్లకిలా పడ్డాడు. చూడ్డానికొచ్చిన జనం కిసుక్కున నవ్వారు.

ఎదురుగా ఒక ఆడమనిషి. ఎండకి వెలిసిపోయిన టోపీ, మెడలో ఈల.

"కళ్లు నెత్తికెక్కాయా? అంత లావు తాడు కనబడలేదా?"

"నన్ను లాగడానికి నువ్వెవరు?"

"ఆ బండలు వాటివి. పిల్లల్ని పెట్టుకు పడుకున్నాయి. మీరు దగ్గరికెళ్తే బెదిరి మీదకొస్తాయి. మీరు జారతారు. మీ ఫోటో సరదాకి ఇంకొకళ్లు నీళ్లలో దూకాలి!"

అంతలో మాస్టారి భార్య పరుగున వచ్చింది. ఆ మనిషి ఆమెని చూసింది. మళ్లీ మాస్టారిని చూసింది. తిట్టబోయిన తిట్టు గొంతులోనే ఆగిపోయింది.

"ఇంటికెళ్లండి బాబూ" అంది మెల్లగా. "చల్లగా ఉండండి."

వెటకారం కూడానా అని మాస్టారికి ఒళ్లు మండిపోయింది.

నిజానికి ఈసారి ఆయన ఫోటోల కోసం రాలేదు. పోయినేడాది ఈ బండల మీదే ఫోటో తీసుకోబోయి, జారి సముద్రంలో పడ్డాడు. కళ్లు తెరిచేసరికి పట్నం ఆసుపత్రిలో ఉన్నాడు. ఎవరో దూకి ఒడ్డుకి తోశారట. ఆ ఎవరో ఎవరన్నది తెలీదు. అప్పట్నుంచీ కంటినిండా నిద్ర లేదు. ఆ మనిషికి ఎదురుగా నిలబడి ఒక్క మాట చెబితే తప్ప ప్రాణం కుదుటపడేలా లేదు. స్కూలుకి రెండు రోజులు తాళం వేసి వచ్చింది అందుకే.

"ఎవరో టూరిస్టటండీ, ఆరోజే వెళ్లిపోయాడట" అని భార్య దారి పొడుగునా చెబుతూనే ఉంది. ఆయన వింటేగా!

పొద్దుటినుంచీ టీకొట్టాయన్ని అడిగాడు, పడవలవాళ్లని అడిగాడు. అందరూ ఒకసారి వెనకున్న భార్య వైపు చూసి, "మాకు తెలీదు సార్" అన్నారు. చివరికి, జారిన చోటైనా ఒకసారి చూద్దామని తాడు దాటితే ఇదీ మర్యాద.

నేరుగా టూరిజం ఆఫీసుకి నడిచాడు.

"ఆవిడ మా స్టాఫ్ కాదు సార్" అన్నాడు ఆఫీసరు నసుగుతూ. "జీతం లేదు, భత్యం లేదు. ఆ తాడు కూడా ఆవిడే కొని కట్టింది. పాపం అని ఊరుకున్నాం."

"మీరు పాపం అంటే ఆవిడ కాలర్లు పట్టుకుంటుందా? మీ పైవాళ్లతో మాట్లాడమంటారా?"

భార్య ఆయన మోచెయ్యి పట్టుకుంది. "వదిలేద్దురూ. మీకు దణ్ణం పెడతాను."

"నువ్వూరుకో!"

ఆమె చెయ్యి తీసేసి, కొంగుతో కళ్లొత్తుకుంది.

సాయంత్రం లాడ్జి కిటికీలోంచి మాస్టారు అంతా చూశాడు. ఆఫీసు మనుషులు ఇద్దరు వచ్చి తాడు విప్పేశారు. ఆ ఆడమనిషి మెడలోని ఈల తీసి వాళ్ల చేతిలో పెట్టి, చాలాసేపు బండల వైపు చూసి వెళ్లిపోయింది.

"తిక్క కుదిరింది" అన్నాడు. కానీ అన్నం సయించలేదు.

పొద్దున్నే బస్సెక్కే ముందు భార్యతో కలిసి చివరిసారిగా ఒడ్డుకి వెళ్లాడు. తాడు లేదు, అడిగేవాళ్లు లేరు. ఎవడో కుర్రాడు ఫోను పైకెత్తి, వెనక్కి వెనక్కి నడుస్తూ బండల మీదకి ఎక్కుతున్నాడు. ఒక పెద్ద సముద్ర సింహం గుర్రుమంటూ లేచింది.

"ఆగు! ఆగవోయ్!"

ఎలా పరుగెత్తాడో మాస్టారికే తెలీదు. కుర్రాడి కాలరు పట్టి ఒక్క గుంజు గుంజాడు. ఇద్దరూ ఇసకలో పడ్డారు.

"పిచ్చా నీకు?" అని అరిచి, దులుపుకుని పోయాడు కుర్రాడు.

మాస్టారు లేవలేకపోయాడు. ఎంత తప్పు చేశాడో అప్పుడు తెలిసింది.

"ఆవిడ ఇల్లెక్కడ? క్షమించమని అడగాలి" అన్నాడు టీకొట్టాయనతో.

"తెల్లారి బస్సుకే వెళ్లిపోయింది సార్. ఇంక ఈ ఊళ్లో నాకేం పనుందీ అంది. ఎక్కడికో చెప్పలేదు."

భార్య ఇసకలో కూలబడి భోరుమంది.

"మిమ్మల్ని కాపాడింది టూరిస్టు కాదండీ. ఆవిడ మొగుడు. మిమ్మల్ని ఒడ్డున పడేశాడు గాని, ఆయన తిరిగి రాలేదు. మీ గుండె తట్టుకోదు, చెప్పొద్దన్నాడు డాక్టరు. తర్వాత చెబుదామంటే నాకే నోరు రాలేదు. వీళ్లందర్నీ నేనే బతిమాలుకున్నాను."

మాస్టారు తాడు లేని బండల వైపు తిరిగాడు.

"నేనెవరో... ఆవిడకి తెలుసా?"

"తెలియకపోవడమేంటండీ! ఆరోజు మీకు ఊపిరాగిపోతే, మొగుడి కోసం నీళ్లవైపు తలైనా తిప్పకుండా, మీ గుండె నొక్కుతూ కూచున్నది ఆవిడే."