తివాచీ కొండ

కొండలెలా పెరుగుతాయని అడిగినందుకు చిన్నప్పుడు నన్ను పూటంతా గోడకేసి నిలబెట్టిన మహానుభావులు జాయిద్ మాస్టారు. ఇప్పుడాయన ఇన్‌స్పెక్టరు. అట్లాస్ కొండల్లో నేను పంతులమ్మగా ఉన్న బడికి తనిఖీకి వేంచేశారు.

మర్యాద ప్రకారం ఆయన్ని కొత్త తివాచీ నడిమధ్యన కూర్చోబెట్టి, పక్కన పుదీనా టీ కూజా పెట్టాను. బొమ్మల పుస్తకం తెరిచాను.

"రెండు వైపుల నుంచీ ఒత్తితే నేల ముడతపడి పైకి లేస్తుంది. ఏదీ, తివాచీని తొయ్యండర్రా!"

పిల్లలు రెండు కొసలా తోశారు. కొండ లేచింది. మాస్టారు వెల్లకిలా పడ్డారు.

"ఇత్తో! ఆ గోడ సంగతి ఇంకా మరిచిపోలేదటే?" అని నన్ను పేరు పెట్టి అరిచారు.

"పాఠమండీ. తరవాతి బొమ్మలో వానకి కొండ అరిగిపోతుంది."

"వానేదండీ?" అన్నారు పిల్లలు.

"ఇదిగో వాన!" మాస్టారు కసిదీరా కూజా మొత్తం తివాచీ మీద కుమ్మరించారు. "ఉతుక్కో, పో!"

నేను వినయంగా చేతులు కట్టుకున్నాను.

"తివాచీ నాది కాదండీ. మీరు ఊళ్లు తిరుగుతుంటే మీ ఇంటావిడగారు ఏడాదంతా కూర్చుని నేశారు. పొద్దున్నే మగ్గం మీంచి దించి, మీకే వెయ్యమని పంపారు. మీరే తీసుకెళ్తారా, ఆవిణ్ణే రమ్మనమంటారా?"

ఎవరూ చెప్పకుండానే మాస్టారు గోడకేసి తిరిగి నిలబడ్డారు.